పులుపు గెలిచేదాకా

ఆగండి. ఆ గిన్నె వంచేయకండి.

ఎడమ చెయ్యి బియ్యానికి అడ్డుపెట్టారు. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి నీళ్ళు అంచుదాకా వచ్చేశాయి. ఇంకో క్షణమైతే సింకు పాలే. పక్కనున్న వెడల్పు మూతి గాజుసీసా అందుకోండి. కడుగు అందులోకి వంచండి. నిదానంగా. రెండో కడుగు పలచగా వస్తుంది, మూడోది దాదాపు ఉత్త నీళ్ళే. తవుడు, పిండి, గింజలను అంటిపెట్టుకుని వచ్చిన కంటికి కనిపించని జీవులు, అన్నీ ఎక్కువగా ఉండేది ఈ మొదటి కడుగులోనే.

సీసా ముక్కు దగ్గర పెట్టి చూడండి. పచ్చి బియ్యం వాసన వస్తే సరే. బ్లీచింగు వాసన తగిలితే మాత్రం ఈ నీళ్ళు పనికిరావు. కార్పొరేషను కుళాయిలో క్లోరిన్ కలిపేది సూక్ష్మజీవుల్ని చంపడానికి. మీకిప్పుడు కావలసినవి ఆ సూక్ష్మజీవులే. రాత్రే బకెట్‌లో పట్టి, మూత లేకుండా వదిలేసిన నీళ్ళతో రేపు కడగండి. బోరు నీళ్ళుంటే మరీ మంచిది.

మీరున్నది విజయవాడలో. మార్చి నెల చివర. తొమ్మిది కాకముందే వంటింటి గచ్చు వెచ్చబడింది. మేడ మీద కుండీల్లో మిరప, వంగ, పందిరి మీద బీరపాదు. పాదు కింది ఆకుల మీద ఎవరో ముగ్గు జల్లినట్టు తెల్లటి మచ్చలు మొదలయ్యాయి. మూలనున్న కంపోస్టు డబ్బా మూత తీస్తే కళ్ళు మండుతున్నాయి. నిన్న సాయంత్రం పిట్టగోడ అవతల నుంచి పక్కింటి పిన్నిగారు అననే అన్నారు: "ఆ డబ్బా సంగతేదో చూడండి. మేం కిటికీ తెరవలేకపోతున్నాం."

అందుకే ఈ కడుగు. దీంట్లోంచి మీరు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను పెంచబోతున్నారు. మిద్దెతోటల వాళ్ళు ముద్దుగా 'ల్యాబ్' అంటారు. కావలసినవి ఈ నీళ్ళు, ఓ లీటరు పాలు, కాస్త బెల్లం. తక్కినదంతా మీ ముక్కు చూసుకుంటుంది.

సీసా మూడింట రెండొంతులు నిండితే చాలు. పైన గాలికి చోటు వదలండి. మూతికి పలచటి గుడ్డ కట్టి, పైన దారం చుట్టండి. గుడ్డలోంచి గాలి ఆడాలి, ఈగ మాత్రం దూరకూడదు. ఎండ పడని మూల చూసి పెట్టండి. పొయ్యికి దూరంగా.

ఇక ముట్టుకోకండి.

సాయంత్రం వెళ్ళి తొంగిచూస్తారు. ఏమీ లేదు. పిండి అడుక్కి దిగింది, అంతే. ఒక్కసారి కలిపితే త్వరగా పులుస్తుందేమోనని చెయ్యి లాగుతుంది. వద్దు. కలిపితే పొరలు చెదిరిపోతాయి. రేపు మీరు తీసుకోవలసింది ఆ పొరల నడుమ నుంచే.

సీసాలో ఇప్పుడు జరుగుతున్నది మన ఇళ్ళకు కొత్త సంగతి కాదు. పల్లెలో ఈ కడుగు కుడితి గోళెంలోకి పోయేది. తెల్లారేసరికి పుల్లబడితే గేదెలు ఇష్టంగా తాగేవి. తరవాణి కుండలో కడుగూ గంజీ కలిపి పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్ళతో అన్నం తిన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ కుండను పులియబెట్టిన జాతినే ఇప్పుడు మీరు మొక్కల కోసం పిలుస్తున్నారు.

రెండో రోజు సాయంత్రం. గుడ్డ విప్పండి.

కళ్ళ కంటే ముందు ముక్కును పంపండి. లేత పులుపు. వెనకే కొంచెం తీపి. నోట్లో నీళ్ళూరితే గెలిచినట్టే. చలికాలమైతే ఈ వాసన రావడానికి నాలుగైదు రోజులు పట్టేది.

ఇప్పుడు పక్క నుంచి చూడండి. మూడు పొరలు. పైన సన్నటి తెట్టు. అడుగున తెల్లటి పిండి. నడుమ కాస్త మసకగా ఉన్న నీరు. మీకు కావలసింది ఆ నడిమి నీరే.

తెట్టు ఏ రంగులో ఉంది? తెల్లగా, పలచగా ఉంటే పర్లేదు. దాని కిందికి గొట్టం దించవచ్చు. నల్లగా ఉందా? గులాబీ రంగు మచ్చ కనిపించిందా? నారింజ రంగు బూజు నూగులా లేచిందా? అయితే ఆలోచించకండి. పారబోయండి. పైపైన తీసేస్తే సరిపోతుందని సర్దిచెప్పుకోకండి. మీరు పోగొట్టుకునేది రెండు రోజులూ, బియ్యం కడిగిన నీళ్ళూ. దాచుకుంటే చేజారేది అంతకంటే ఎక్కువ.

మీ తెట్టు తెల్లగానే ఉంది. సూది తీసేసిన పెద్ద సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, తెట్టు పక్కగా దించండి. లాగండి. అడుగు కదలకుండా. నూరు మిల్లీలీటర్లు చాలు.

అది పట్టుకుని పాలగిన్నె ముందు నిలబడతారు. అక్కడ ఒక అనుమానం అడ్డొస్తుంది. ఇంతకీ ఈ తిప్పలెందుకు? చెంచాడు పెరుగు తోడేస్తే పోదా?

పెరుగులోవీ లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియానే. తోడు వేసినా పాలు విరిగి తేట దిగుతుంది, అదేమీ తప్పు కాదు. అయితే పెరుగు తోడులో ఉండేవి ఏళ్ళ తరబడి పాలలోనే బతకడానికి అలవాటుపడిన కొద్ది రకాలు. కడుగులోవి గింజ మీద, గడ్డి మీద, ఆకు మీద బతికినవి, రకరకాలవి. కంపోస్టు డబ్బాలో తొక్కల మధ్య పని చేయాల్సినవి కదా, అలాంటి చోటు ఎరిగిన వాటినే తెచ్చుకుందాం. ఈ పద్ధతిని నలుగురిలోకి తెచ్చింది దక్షిణ కొరియా రైతు చో హాన్ క్యూ. 1935లో పుట్టిన ఈయన తన ఊళ్ళో దొరికే వాటితోనే సేద్యానికి కావలసిన ద్రావణాలన్నీ చేసుకోవచ్చని చూపించాడు. ఆయన శిష్యుల ద్వారా ఇది హవాయి దీవుల దాకా వెళ్ళింది. అక్కడ పందుల కొట్టాల్లో దుర్వాసన తగ్గించడానికీ వాడుతున్నారు.

పాలు ప్యాకెట్‌వా? సరే. పితికిన పాలా? ఇంకా సరే. కాచినవైతే వేలు పెట్టి చూడండి. చల్లారాలి. వేడి పాలలో పోస్తే రెండు రోజులు పెంచినవి ఒక్క నిమిషంలో చస్తాయి.

లీటరు పాలకు నూరు మిల్లీలీటర్ల కడుగు. పదికి ఒకటి. పోయండి. ఒక్కసారి కలిపి వదిలేయండి. మళ్ళీ గుడ్డ, మళ్ళీ అదే మూల.

ఇక్కడే అసలు పోరు. కడుగులో మీకు కావలసినవే కాదు, అక్కరలేనివీ చాలా ఉన్నాయి. ఏరివేయడం మీ వల్ల కాదు. ఆ పని పాలు చేస్తాయి. పాలలోని చక్కెర లాక్టోజు. దాన్ని తినగలిగినవి చకచకా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. పులుపు పెరిగేకొద్దీ, ఆ పులుపుకు తట్టుకోలేనివి వెనక్కి తగ్గుతాయి. పాలు పుల్లబడటం వెనక ప్రాణమున్న జీవులున్నాయని 1857లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో లూయీ పాశ్చర్ చెప్పాడు. పుల్లబడిన పాత్రల్లో ఆయన కంటబడింది బూడిదరంగు పదార్థం, పిసరంత. మీ గిన్నెలో ఇప్పుడు అలాంటిదే కోట్లలో పెరుగుతోంది.

మర్నాడు. పాలు చిక్కబడ్డాయి.

రెండో రోజు. పైన బుడగలు. గడ్డలో అక్కడక్కడ కన్నాలు.

మూడో రోజు. గిన్నె కొంచెం వంచండి. పైన తెల్లటి గడ్డ మొత్తంగా ఒక పక్కకు జరిగింది. దాని కింద పసుపుపచ్చటి నీరు తళుక్కుమంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పులుపు ఒక మేరకు చేరగానే విరిగి గడ్డకడుతుంది. లోపల పుట్టిన గ్యాసు ఆ గడ్డను పైకి లేపింది.

వాసన చూడండి. జున్ను, పుల్లపెరుగు, కొంచెం ఘాటు. మంచిది. కోడిగుడ్డు కుళ్ళిన వాసనా? వాంతి వాసనా? అయితే వేరేవేవో గెలిచాయి. జాలి వద్దు. గొయ్యి తీసి పూడ్చేయండి.

మీది పుల్లగానే ఉంది. పలచటి పాత పంచె ముక్క గిన్నె మీద పరిచి వంచండి. తేట దిగుతుంది. చుక్కచుక్క. చెయ్యి ఊరుకోదు, మూటకట్టి పిండేయాలనిపిస్తుంది. పిండకండి. పిండితే గడ్డ కూడా జారి తేట మసకబారుతుంది, త్వరగా పాడవుతుంది. దానంతటదే దిగనివ్వండి.

అరలీటరుకు పైగా వచ్చింది. వెలుగుకు ఎత్తండి. పసుపులో లేత ఆకుపచ్చ ఛాయ. పాలలోని రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, ఇచ్చిన రంగు అది. దగ్గర పీహెచ్ పట్టీ ఉంటే ముంచి చూడండి. నాలుగుకు అటూ ఇటూ చూపిస్తుంది. ఇదే ల్యాబ్. గుడ్డలో మిగిలిన గడ్డ కంపోస్టుకు. చిన్న ముక్కలు చేసి లోతుగా కప్పండి. పైన వదిలేస్తే పిల్లులు వస్తాయి.

తేట ఫ్రిజ్‌లో పెడితే కొన్ని నెలలు ఉంటుంది. ఫ్రిజ్‌లో చోటు లేదంటే, తేట ఎంత బరువుందో అంత బెల్లం కలపాలి. అంత తీపిలో వాటి పెరుగుదల మందగిస్తుంది. మీరు సగం ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా సగానికి బెల్లం కలిపారు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలో పోశారు. చీమలు పడతాయని మూత గట్టిగా బిగించారు. అలమరలో పెట్టారు.

నాలుగో రోజు మధ్యాహ్నం. బయట ఎండ మండుతోంది. అలమరలో ఏదో టక్కుమంది.

తలుపు తీశారు. సీసా ఒరిగి ఉంది. అడుగు ఉబ్బింది. నిలబడటం లేదు. వేలితో నొక్కారు. నొక్కు పడలేదు. బండరాయిలా ఉంది.

చెయ్యి మూత మీదికి పోయింది.

ఆగండి.

తిప్పకండి. ఊపకండి. మొహం వెనక్కి తీసుకోండి. పిల్లల్ని అవతలి గదిలోకి పంపండి. మందపాటి తువ్వాలు చుట్టండి. రెండు చేతులతో ఎత్తండి. ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు వేయండి.

గంట ఆగండి.

చల్లబడితే గ్యాసు కొంత ద్రవంలోనే కరుగుతుంది. ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పుడు సింకు దగ్గరికి. తువ్వాలు అలాగే ఉండనివ్వండి. మూత గోడ వైపు. రవ్వంత తిప్పండి. స్స్... ఆపండి. చప్పుడు తగ్గింది. ఇంకొంచెం. నురగ పైకి లేచింది. ఆపండి. దిగింది. ఇంకొంచెం.

అయిపోయింది. ఊపిరి పీల్చుకోండి.

ఏం జరిగింది? తేటలో లాక్టిక్ బ్యాక్టీరియాతో పాటు కొద్దిగా ఈస్టు కూడా ఉంది. బెల్లం దొరకగానే అది మళ్ళీ మొదలెట్టింది. లాక్టిక్ రకాల్లోనూ కొన్ని ఆమ్లంతో పాటు బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఇడ్లీపిండిని రాత్రికి రాత్రి పొంగించే ల్యూకోనాస్టాక్ మెసెంటిరాయిడిస్ ఆ బాపతే. పిండిగిన్నెలో గ్యాసుకు పోవడానికి దారి ఉంటుంది. బిగించిన సీసాలో ఉండదు. ప్లాస్టిక్ కాబట్టి ఉబ్బింది. అదే గాజుసీసా అయితే ఉబ్బదు, పగులుతుంది. ఆ పెంకులు ఎటు పోతాయో చెప్పలేం. ఈ పనిలో మనిషికి దెబ్బ తగిలే చోటు ప్రధానంగా ఇదే. మూతకు బదులు గుడ్డ కట్టి, చీమలకు సీసా కింద పళ్ళెంలో నీళ్ళు పోయండి.

సాయంత్రం ఐదున్నర. మేడ మీద ఎండ వాలింది. చేతిలో తేట, ముందు పది లీటర్ల బకెట్. ఎంత పోస్తారు?

ఇంత కష్టపడి చేశాం, గ్లాసు నిండా పోస్తే మొక్క ఇంకా బాగుంటుందేమో. పోయకండి. ఇది ఆమ్లం. చిక్కగా పడితే మిరప లేతాకుల అంచులు మాడతాయి. లీటరు నీటికి ఒక మిల్లీలీటరు. వెయ్యికి ఒకటి. పది లీటర్ల బకెట్‌కు పది మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు. ముందు ఒక్క మొక్క మీద, రెండు ఆకుల మీద జల్లి రేపటి దాకా చూడండి. బాగుంటే తక్కినవాటికి. ఎప్పుడు జల్లినా ఇలా పొద్దువాలాకే.

మరి ఇది ఎరువా? కాదు. బకెట్‌లోని పది మిల్లీలీటర్లలో మొక్క తినడానికి ఉన్న పోషకం దాదాపు శూన్యం. కుండీలో ఆకులు, కంపోస్టు, చివికే పదార్థం ఉంటే ఈ జీవులకు పని దొరుకుతుంది. ఎండిన ఉత్త మట్టిలో పోస్తే అక్కడ వాటికి తిండే లేదు. తెల్లారేసరికి పూత వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు కుండీ నింపండి, తర్వాత తేట పోయండి.

బీరపాదు దగ్గరికి రండి. ఆకు మీది తెల్లపొడిని వేలితో రాయండి. అంటుకుంది. బూడిద తెగులు. తేట సీసా పైకెత్తారు. దించండి. దీనికి ఇంకోటి ఉంది. బ్రెజిల్ శాస్త్రవేత్త వేగ్నర్ బెట్టియోల్ గుమ్మడి జాతి పాదుల మీద నీళ్ళు కలిపిన మామూలు ఆవుపాలు పిచికారీ చేసి, ఈ తెగులు అదుపులోకి వస్తుందని 1999లో ప్రచురించాడు. తొమ్మిది వంతుల నీళ్ళకు ఒక వంతు పాలు. వారానికోసారి. మన రైతులు పుల్లటి మజ్జిగ కొడతారు. బాగా తెల్లబడిన ఆకులు ముందు తుంచేయండి. మిగిలినవాటికి రెండు వైపులా పట్టించండి. చేతిలో ఉన్నది ఎంత మంచిదైనా అన్నిటికీ అదే మందు కాదు.

ఇక ఆ డబ్బా. ఊపిరి బిగబట్టి మూత తీయండి.

కళ్ళు మండుతున్నాయి. ఆ మంట అమోనియాది. తొక్కల్లోని నత్రజని గాల్లోకి పోతోంది. చెయ్యి పెట్టి చూడండి. జిగటగా, చిత్తడిగా ఉంది. ఈ తడి మీద తేట పోస్తే ఇంకా తడి. ముందు ఎండుటాకులు. రెండు దోసిళ్ళు. ఇంకో రెండు. కర్రతో అడుగు నుంచి పైకి తిరగవేయండి. ఇప్పుడు మగ్గు నీళ్ళలో రెండు చెంచాల తేట కలిపి పైన చిలకరించండి, తడి తగిలీ తగలనట్టు. పులుపు తగిలితే అమోనియా అమ్మోనియంగా మారి అక్కడే నిలిచిపోతుంది. గాల్లోకి పోయేది మీ కంపోస్టులో మిగులుతుంది. మూత వేయండి. రేపు మళ్ళీ వాసన చూడండి. ఎల్లుండీ చూడండి. మంట తగ్గకపోతే ఇంకా ఎండుటాకులు కావాలని అర్థం, ఇంకా తేట కావాలని కాదు.

కొద్ది రోజులు గడిచాయి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి పిన్నిగారు నిలబడ్డారు.

"ఏం చేశారండీ? కిటికీ తీసే పడుకుంటున్నాం."

మీరు సీసా చూపించారు.

"మా తమ్ముడు ఊళ్ళో జీవామృతం చేస్తాడు. ఇదీ అదీ ఒకటేనా?"

ఒకటి కాదు. జీవామృతానికి రెండు వందల లీటర్ల నీళ్ళు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను కావాలి. పూటపూటా కలుపుతూ రెండు రోజులు ఉంచాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఊరూరా చెబుతున్న ప్రకృతి వ్యవసాయానికి అదే మూలం. అది పేడలోని నానారకాల జీవులకు తిండిపెట్టి పెంచడం. ఇది పులుపుతో తక్కినవాటిని తగ్గించి ఒక్క కోవ జీవులను నిలబెట్టడం. పశువులున్న ఇంటికి అది, మేడ మీది కుండీలకు ఇది. రెండూ ఉంటే దేని పని దానిదే.

ఆమె చిన్న సీసా ఒకటి ఇటు చాచారు. "మాకూ కాస్త పొయ్యండి."

ఇవ్వాలా వద్దా అని తటపటాయించే పనిలేదు. రేపు బియ్యం కడిగితే మళ్ళీ వస్తుంది. పావు వంతు పోసి, ఇచ్చే ముందు సీసా గట్టిగా పట్టుకుని మూడు మాటలు చెప్పండి. "లీటరుకు ఒక్క మిల్లీలీటరే పిన్నిగారూ, అంతకు మించొద్దు. ముక్కు వద్దంటే పారబోసేయండి. మూత మాత్రం బిగించకండి."